రాజముద్ర నుంచి డిజిటల్ సంతకం వరకు: గుర్తింపు నిర్ధారణ చరిత్ర

1. పరిచయం

గాజులరామారంలో ఉంటూ, దగ్గరలోని జీడిమెట్ల పారిశ్రామికవాడలో చిన్న వర్క్‌షాపు నడిపే ఒక వ్యక్తిని ఊహించుకోండి. ఆన్‌లైన్‌లో ప్రభుత్వ టెండరు వేయడానికి ఆయనకు డిజిటల్ సంతకం కావాలి. అందుకోసం పాన్, ఆధార్ వంటి వివరాలు ఇస్తాడు. కెమెరా ముందు కూర్చుని తానెవరో చెబుతాడు. సందేశాలను కాపాడే గణితం అంత బలమైనదైతే ఇదంతా ఎందుకు? ఈ పాఠంలో ఆ ప్రశ్నకు చరిత్ర ఇచ్చే సమాధానాన్ని తెలుసుకుంటారు.

2. రాగిరేకులు, రాజముద్ర

దూరాన ఉన్నవారి మాట నిజంగా వారిదేనా అన్నది చాలా పాత సమస్య. వేంగి రాజధానిగా పాలించిన తూర్పు చాళుక్యులు దానశాసనాలను రాగిరేకులపై చెక్కించారు. రేకుల రంధ్రాల్లోంచి కడియం దూర్చి, దాని కొసలను ముద్రలో బిగించేవారు. వరాహ లాంఛనం, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదు ఆ ముద్రపై కనిపిస్తాయి. కడియం తెంచకుండా రేకు మార్చడం కుదరదు. అయినా మన దేశంలో కూటశాసనాలు పుట్టాయి. అందుకే శాసన పరిశోధకులు ముద్రను చూసి ఆగిపోరు. లిపి, భాష, తేదీ, వంశావళి కూడా పోల్చి చూస్తారు.

3. ఈ తాళంచెవి ఎవరిది?

1976లో డిఫీ, హెల్‌మన్ అనే పరిశోధకులు కొత్త పద్ధతిని ప్రతిపాదించారు. ప్రతి వ్యక్తికీ రెండు తాళంచెవులు ఉంటాయి. బహిరంగ తాళంచెవిని అందరికీ ఇవ్వవచ్చు. రహస్య తాళంచెవి తన దగ్గరే ఉండాలి. అయితే మీ స్నేహితుని పేరు చెప్పి, మధ్యలోని మోసగాడు తన బహిరంగ తాళంచెవినే మీకు పంపితే? మీరు సందేశాన్ని గట్టిగానే దాస్తారు, కానీ దానిని మోసగాడు చదవగలిగేలా దాస్తారు.

దీనికి రెండు పరిష్కారాలు వచ్చాయి. 1978లో కోన్‌ఫెల్డర్ అనే విద్యార్థి, వ్యక్తి పేరునూ తాళంచెవినీ ముడివేసే ధ్రువీకరణ పత్రాన్ని సూచించాడు. 1991లో జిమ్మర్‌మన్ విడుదల చేసిన పి.జి.పి.లో, పరిచయస్తులే ఒకరి తాళంచెవికి మరొకరు హామీ ఇస్తారు. ఇది మన దస్తావేజుల మీద సాక్షి సంతకం వంటిది.

4. హైదరాబాదు అనుభవం

రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో ఐ.డి.ఆర్.బి.టి. సంస్థను నెలకొల్పింది. 1999లో బ్యాంకుల కోసం ఇన్ఫినెట్ అనే ప్రత్యేక నెట్‌వర్క్ మొదలైంది. 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. ఆ చట్టం కింద లైసెన్సు పొంది, ఐ.డి.ఆర్.బి.టి. బ్యాంకులకు ధ్రువీకరణ పత్రాలు జారీ చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఇ-ప్రొక్యూర్‌మెంట్ ప్రారంభం కావడంతో టెండర్లు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి.

5. నమ్మకం ఎక్కడ తెగుతుంది?

2014 జూలైలో, జాతీయ సమాచార కేంద్రపు ధ్రువీకరణ విభాగం పేరిట గూగుల్, యాహూ చిరునామాలకు అనధికార పత్రాలు జారీ అయినట్లు బయటపడింది. గణితం చెడలేదు, పత్రాలు జారీ చేసే ప్రక్రియ దెబ్బతింది. వెంటనే ఆ విభాగపు పత్రాలను రద్దు చేశారు.

మన స్థాయిలోనూ ఇదే ప్రమాదం ఉంది. చాలామంది డిజిటల్ సంతకం ఉన్న టోకెన్‌ను, పిన్‌తో సహా ఆడిటరు దగ్గరో ఏజెంటు దగ్గరో వదిలేస్తారు. ఇది రాజముద్రను పరాయి చేతిలో పెట్టడమే. రహస్య తాళంచెవిని తన అదుపులో ఉంచుకునే బాధ్యత సంతకందారుదేనని చట్టంలోని 42వ సెక్షన్ చెబుతోంది.

వాట్సాప్ 2016లో అందరికీ పూర్తి ఎన్‌క్రిప్షన్ ఇచ్చింది. అందులో ప్రతి సంభాషణకూ 60 అంకెల కోడ్ ఉంటుంది. ఎదుటివారిని కలిసినప్పుడు రెండు ఫోన్లలోని అంకెలూ ఒకటేనా అని చూడండి. ఒకటే అయితే మధ్యలో మరొకరు లేరని తెలుస్తుంది.

6. సారాంశం

ఎన్‌క్రిప్షన్ సందేశాన్ని దాస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నామో అది ఒక్కటే చెప్పలేదు. ఆ పని చేసింది నాడు ముద్ర, నేడు ధ్రువీకరణ పత్రం. రెండింటి వెనుకా జాగ్రత్తగా సరిచూసే మనిషి ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రాగిరేకుల ముద్రకూ, ధ్రువీకరణ పత్రానికీ గల పోలికలు రాయండి.
2. 2014 ఘటనలో లోపం ఎక్కడ జరిగింది?
3. టోకెన్‌ను ఇతరులకు ఇవ్వడం ఎందుకు ప్రమాదకరం?