కాలాపానీలో గజం నేల

2002 మే 7న సర్వోన్నత న్యాయస్థానం అండమాన్ నికోబార్ దీవుల అడవుల విషయమై ఒక ఉత్తర్వు వెలువరించింది. గోదావర్మన్ కేసుగా దేశమంతటా పేరుపడిన అటవీ వ్యాజ్యంలో మూడు పర్యావరణ సంస్థలు వేసిన దరఖాస్తు దానికి మూలం. న్యాయస్థానం నియమించిన శేఖర్ సింగ్ ఏకసభ్య కమిషన్ ఆ ఏడాది ఫిబ్రవరిలో నివేదిక సమర్పించగా, అందులోని సిఫారసులను న్యాయమూర్తులు చాలావరకు ఆమోదించారు. వాణిజ్యపరమైన కలప నరికివేతపై నిషేధం, జరావాల అడవిని చీల్చుకుంటూ పోయే అండమాన్ ట్రంకు రోడ్డు మూసివేత పత్రికలకెక్కాయి. అంతగా పత్రికలకెక్కనిది మరొకటి ఉంది. అడవిలో గుడిసె వేసుకున్నవారిని ఆ ఉత్తర్వు 1978 అనే గీతకు అటు, ఇటు విడదీసింది. గీతకు ముందు వచ్చినవారికి పునరావాసానికి అర్హత లభించింది. తరువాత వచ్చినవారు ఆక్రమణదారులు. వారిని నెలల గడువులో ఖాళీ చేయించాలి.

ట్రంకు రోడ్డు ఈనాటికీ మూతపడలేదు. వాహనాలు బారులుగా, పోలీసు కాపలాతో దాని మీదుగా పోతూనే ఉన్నాయి. న్యాయస్థానపు ఆదేశాల్లో ఏది అమలవుతుంది, ఏది వాయిదా పడుతుంది అన్నది ఎదుటివాని బలాన్ని బట్టి ఉంటుందని గ్రహించడానికి ఆ రోడ్డు ఒక్కటి చాలు.

ఎవరు ఎక్కడ నివసించవచ్చునో పాలకుడే నిర్ణయించే పద్ధతి ఈ దీవులకు కొత్త కాదు. 1858 మార్చిలో జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండు వందలమంది ఖైదీలతో దిగిన నాటినుంచీ అక్కడి భూమి చరిత్ర అదే. రాస్ దీవి దొరల నివాసం. అక్కడ చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, క్లబ్బు, టెన్నిస్ మైదానం వెలిశాయి. వాటిని కట్టిన ఖైదీలకు ఎదురుగా ఉన్న అబర్డీన్ ఒడ్డు, తరువాతి కాలంలో సెల్యులర్ జైలు. 1879-80 నాటి రంప తిరుగుబాటు ఖైదీలూ ఆ ఒడ్డుకే చేరారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ద్వీపాంతరవాస శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

శిక్షలో కొంత భాగం సత్ప్రవర్తనతో గడిపిన ఖైదీకి టికెట్ ఆఫ్ లీవ్ అనే పత్రం దొరికేది. దానితో అతడు ఒక ఊరిలో గుడిసె వేసుకొని, పెళ్లి చేసుకొని, సేద్యం చేసుకోవచ్చు. అయితే భూమి అతడిది కాదు. ప్రభుత్వం ఇచ్చింది, ప్రభుత్వం తీసుకోవచ్చు. స్వాతంత్ర్యం తరువాత ఈ సూత్రం సమసిపోతుందని ఎవరైనా ఆశించి ఉంటే వారికి నిరాశే మిగిలింది. 1966 నాటి భూమి రెవెన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్ సైతం దీవుల్లోని భూమి అంతా ప్రభుత్వానిదేననే పునాదిమీదనే నిలిచింది. ప్రజలకు దక్కేది అనుభవ హక్కు, కౌలు హక్కు, లైసెన్సు వంటివి మాత్రమే. ప్రధాన భూభాగంలో రైతు తరతరాల దస్తావేజు చూపి వాదించగలడు. అండమాన్‌లో వాదన ప్రభుత్వం ఇచ్చిన కాగితంతో మొదలై అక్కడే ముగుస్తుంది.

1949 నుంచి ఆ కాగితాలు పెద్ద ఎత్తున పంచారు. తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలకు వరిసాగు భూమి, కొండభూమి, ఇల్లు కట్టుకోవడానికి సాయం ఇచ్చి రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ ప్రాంతాల్లో స్థిరపరిచారు. అడవిని నరికించినది ప్రభుత్వమే. కేరళ, తమిళ ప్రాంతాల కుటుంబాలు కొన్ని ఆ పథకాల్లో చేరాయి. ఆంధ్ర తీరం నుంచి మత్స్యకార కుటుంబాలను కూడా కొన్నింటిని రప్పించారు గాని, పట్టాలు పొందిన తెలుగువారు చాలా స్వల్పం. జనగణన లెక్కలు ఆ కాలపు వేగాన్ని చూపుతాయి: 1951లో 30,971 మంది ఉన్న దీవుల్లో 1961 నాటికి 63,548, 1971 నాటికి 1,15,133, 1991 నాటికి 2,80,661 మంది చేరారు. ఇంతమంది ప్రభుత్వ పథకాల్లో వచ్చినవారు కారు. పథకం వచ్చినచోట ఓడరేవు కావాలి, రోడ్డు కావాలి, ఆఫీసు కావాలి. వాటిని కట్టడానికి కూలీలు కావాలి. కూలీకి పట్టా ఇవ్వాలన్న ఆలోచన ఏ పథకంలోనూ లేదు.

అలా వచ్చినవారిలో మొదట చెప్పవలసినది ఛోటానాగపూర్ ఆదివాసులను. దీవుల్లో వారిని అందరూ రాంచీవాళ్లంటారు. ఓరావ్, ముండా, ఖరియా కుటుంబాలను అడవి నరకడానికి ఒప్పందంపై తెచ్చారు. ఒప్పందం ముగిశాక వెనక్కి పోతారనుకున్నారు, చాలామంది పోలేదు. తాము నరికిన అడవి అంచునే గుడిసెలు వేసుకున్నారు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగలైన వీరికి దీవుల్లో ఆ గుర్తింపు లేదు. తరువాతివారు తెలుగువారు. ప్రధానంగా శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుంచి సుమారు 1,200 కిలోమీటర్లు ఓడలో ప్రయాణించి మేస్త్రీల వెంట, బంధువుల వెంట వచ్చారు. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ ఇప్పటికీ తెలుగు వినిపించే పేట. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 50 వేలమంది, అంటే జనాభాలో 13 శాతం. తమిళులు వారికంటే కొంచెం ఎక్కువ.

వీరిలో చేతికి నాలుగు డబ్బులు వచ్చినవారు పోర్ట్ బ్లెయిర్‌లో అద్దెకు చేరారు, లేదా ఎవరి కౌలు భూమిలోనో గది కొనుక్కున్నారు. మిగిలినవారికి కొండవాలు, సముద్రపు ఒడ్డు, అడవి అంచు దిక్కయ్యాయి. దీవుల మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో అత్యధిక భాగం అడవి, ఆ అడవిలో పెద్దభాగం గిరిజన రిజర్వు. నివాసానికి చట్టం అంగీకరించే రెవెన్యూ భూమి అతి కొద్ది, అదికూడా ముందువచ్చినవారి చేతిలో. కాబట్టి కూలివాని గుడిసె పుట్టుకతోనే ఆక్రమణ. ఎన్నికలు దగ్గరపడినప్పుడు రేషను కార్డు, ఓటరు జాబితాలో పేరు దొరికేవి. క్రమబద్ధీకరిస్తామన్న మాట కూడా దొరికేది. పట్టా ఒక్కటి దొరకలేదు.

వచ్చిన సంవత్సరమే కులంగా మారిన ప్రదేశం అండమాన్. 1942కు ముందున్న ఖైదీల సంతతి ‘లోకల్ బార్న్’. తరువాత పథకాల్లో వచ్చినవారు ‘సెట్లర్లు’. ఆ తరువాతివారు ఏమీ కారు. వెనుకబడిన తరగతుల జాబితాలో 1942కు ముందువారు, మోప్లాలు, భాంతులు, కరెన్లు, బెంగాలీ సెట్లర్లు చేరగా తెలుగు, తమిళ కూలీ కుటుంబాలు వెలుపల నిలిచాయి. శేఖర్ సింగ్ కమిషన్ మరొక అడుగు ముందుకు వేసి, దీవులను ఇన్నర్ లైన్ ప్రాంతంగా ప్రకటించి బయటివారి రాకను, నివాసాన్ని నియంత్రించాలని, స్థానికులకు గుర్తింపు కార్డులివ్వాలని సిఫారసు చేసింది.

ఇంతవరకు చదివినవారికి కూలీల పక్షం వహించడం తేలిక. కాని అండమాన్‌లో మరొక పక్షం ఉంది, దానిని పక్కకు నెట్టడం అన్యాయం. బ్రిటిషువారు దిగినప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు నేడు యాభైమంది ఉంటారు. 1901లో 672 మంది ఉన్న ఓంగీలు వందకు అటూ ఇటూ మిగిలారు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ గిరిజన రిజర్వుల చుట్టూ గీత గీసింది. ఆ గీతను దాటి వేటకు, దుంగలకు, రొయ్యలకు పోయినవారిలో పేద సెట్లర్లూ ఉన్నారు. జరావాలు 1997-98లో విల్లంబులు దించి బయటికి వచ్చాక, 1999లో వారిని పొంగు సోకింది. బయటివాడు అడవిలోకి అడుగుపెడితే వారికి దాపురించేది ప్రాణాపాయం.

అందుకే అమెరికాలోని జోనింగ్ పోరాటాలను తెచ్చి అండమాన్‌కు అతికిస్తే పొసగదు. న్యూజెర్సీలోని మౌంట్ లారెల్ అనే పట్టణం పెద్ద స్థలాల్లో విడి ఇళ్లకు తప్ప అనుమతి లేదని నియమం పెట్టుకుంది. తరతరాలుగా అక్కడే ఉన్న నల్లజాతి పేద కుటుంబాలు 36 ఇళ్ల చిన్న సముదాయం కట్టుకుంటామంటే వీలు లేదన్నారు. ఎథెల్ లారెన్స్ అనే స్త్రీ ముందు నిలిచిన ఆ వ్యాజ్యంలో 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ప్రతి పట్టణం తన ప్రాంతపు పేదల గృహావసరంలో న్యాయమైన వాటాను మోయాలి. పట్టణాలు లెక్కచేయకపోతే 1983లో మళ్లీ చెప్పింది. 1985లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ వాటాల లెక్క ఈనాటికీ సాగుతోంది. అక్కడ గీత వెనుక ఉన్నది ఆస్తి విలువ, చర్మపు రంగు. అండమాన్ గీత వెనుక ఒక జాతి మనుగడ ఉంది. రెండూ ఒకటి కావు.

అయితే మౌంట్ లారెల్ తీర్పులో ఒక సూక్ష్మం అండమాన్‌కు వర్తిస్తుంది. పలానా చోట కట్టరాదని చెప్పే అధికారం ఉన్నవాడే, మరి ఎక్కడ కట్టాలో చూపవలసిన బాధ్యత కూడా మోయాలని ఆ న్యాయమూర్తులు అన్నారు. దీవుల్లో మొదటి సగమే అమలైంది. భారత న్యాయస్థానాలు రెండవ సగాన్ని గట్టిగా చెప్పిన సందర్భాలు అరుదు. 1985 జూలైలో ఓల్గా టెల్లిస్ తీర్పు, బొంబాయి కాలిబాట నివాసి జీవనోపాధి జీవించే హక్కులో భాగమని ఒప్పుకుంది. నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చుననీ అంది. తరువాత నాలుగు దశాబ్దాలుగా అధికారులకు ఎక్కువగా పనికివచ్చింది రెండవ వాక్యమే.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ అమరావతి. 2014 నాటి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం భూసమీకరణ ప్రాంతంలో 5 శాతాన్ని పేదల గృహాలకు కేటాయించాలని చెప్పింది. చట్టంలో ఆ వాక్యం ఉందని చాలామందికి ఆర్-5 జోన్ వివాదంలోనే తెలిసింది. 2023 మే 26న వెంకటపాలెంలో నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేదల్లో 50,793 మందికి పట్టాల పంపిణీ ప్రారంభించారు. పేదలు వస్తే జనాభా సమతుల్యం దెబ్బతింటుందని కోర్టులో వాదించారంటూ ఆయన ప్రత్యర్థులను దుయ్యబట్టారు. మాస్టర్ ప్లాన్‌ను నమ్మి భూములిచ్చామని రైతులు వాదించారు; ఆ వాదనకు చట్టబలం ఉంది. ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ల నిర్మాణాన్ని నిలిపివేసింది. 2024లో ప్రభుత్వం మారాక, వారికి సొంత ప్రాంతాల్లోనే స్థలాలు చూపుతామన్నారు. రాజధానిని నిర్వీర్యం చేసేందుకు పేదలను వాడుకున్నవారికీ, పేదలను ఊరవతలే ఉంచదలచినవారికీ నడుమ ఆ 50 వేల పట్టాలు కాగితాలుగా మిగిలాయి. అమరావతి లబ్ధిదారునికి కనీసం చూపుకోవడానికి కాగితం ఉంది. రంగత్ అడవి అంచున ఉన్న రాంచీ కుటుంబానికి అది కూడా లేదు. కనుక ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి ఇచ్చే సాయం కూడా దానికి అందదు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. నికోబార్ దీవుల్లో తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. మొదట రేకుల షెడ్లు, తరువాత కొన్ని సంవత్సరాలకు వేలసంఖ్యలో శాశ్వత గృహాలు ప్రభుత్వం కట్టించింది. ఉక్కు, సిమెంటు ఓడల్లో దిగుమతి చేసి, ఒకే కొలతతో, చిన్న కుటుంబానికొకటి చొప్పున కట్టారు. కార్ నికోబార్‌లో భూమినీ, తోటనూ, తిండినీ తుహెత్ అనే ఉమ్మడి కుటుంబం పంచుకుంటుంది. ఇళ్లను కుటుంబానికొకటిగా విడగొట్టిన నాడు తుహెత్‌ను గూర్చి అడిగినవారు లేరు. దీవుల చరిత్రలో ప్రభుత్వం ఇంత ఉదారంగా ఇళ్లు కట్టిన సందర్భం మరొకటి లేదు. నివసించేవారిని ఇంత తక్కువగా సంప్రదించిన సందర్భమూ అరుదే.

ఇప్పుడు గ్రేట్ నికోబార్ వంతు. 910 చదరపు కిలోమీటర్ల ఆ దీవిలో ఉన్నది సుమారు 8 వేలమంది. షోంపెన్లు, నికోబారీలు, 1969 నుంచి క్యాంప్‌బెల్ బేలో ప్రభుత్వమే తెచ్చి నిలిపిన మాజీ సైనికుల కుటుంబాలు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి పొందిన పథకం కింద అక్కడ ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, నగరం రానున్నాయి. 72 వేల కోట్ల రూపాయల అంచనా. 130.75 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించాలి; గిరిజన రిజర్వులో కొంత భాగాన్ని జాబితానుంచి తొలగించాలి. ఆ నగరంలో కాలక్రమేణా సుమారు మూడున్నర లక్షలమంది నివసిస్తారని అంచనా. 2011లో దీవులన్నింటిలో కలిపి ఉన్న జనాభా 3,80,581. అడవి మోయలేదని, తెగలు తట్టుకోలేవని, నీరు చాలదని చెప్పి కూలివాని గుడిసెకు గీసిన 1978 నాటి గీతను ఈ లెక్కల పక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.

ఆ నగరానికి మొదటి వెయ్యి గుంటలు తవ్వేవారు ఎక్కడినుంచి వస్తారో ఊహించడం కష్టం కాదు. వారి నివాసానికి గీత ఏ సంవత్సరం దగ్గర గీస్తారన్నది ఎవరూ చెప్పలేదు. సునామీలో పశ్చిమ తీరపు ఊళ్లు పోగొట్టుకొని క్యాంప్‌బెల్ బే దగ్గరి పునరావాస కాలనీకి చేరిన నికోబారీలు మాత్రం, తమ పూర్వుల ఊళ్లకు తిరిగి పోనివ్వమని ఏళ్లుగా అడుగుతున్నారు. 2022 ఆగస్టులో పథకానికి ఇచ్చిన అభ్యంతరం లేదన్న పత్రాన్ని, ఆ ఊళ్ల భూమి కూడా పథకంలో ఉందని తెలిశాక, వారి గిరిజన మండలి అదే ఏడాది నవంబరులో ఉపసంహరించుకుంది.