ఆ పెద్ద టైర్లు ఎత్తు కోసం కాదు!

పోయిన ఎపిసోడ్ కింద మీలో చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, మన జీపుకి లిఫ్ట్ కిట్ వేయించి పెద్ద టైర్లు ఎక్కించొచ్చా?" జవాబు చివర్లో చెప్తా. ముందు అసలు ఈ పెద్ద టైర్లు ఎందుకు పుట్టాయో తెలియాలి. దానికి మనం ఐస్‌లాండ్ వెళ్ళాలి.

రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో, 1940లో బ్రిటిష్ సైన్యం అక్కడ దిగింది. 1941లో అమెరికా సైన్యం వచ్చింది. ఆ యుద్ధకాలంలోనే జీపు ఆ దేశానికి పరిచయం అయింది. యుద్ధం అయ్యాక రైతులు దాన్ని సొంతం చేసుకున్నారు. ఎందుకంటే అక్కడ రోడ్లు అంతంతమాత్రం. దీవి చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు పూర్తయ్యిందే 1974లో! రాళ్ళు, వాగులు జీపు దాటేసేది. కానీ లోతు మంచులో మాత్రం చతికిలపడేది. సన్న టైరు మంచులోకి కత్తిలా దిగిపోతుంది మరి.

1980ల్లో అక్కడి జీపు పిచ్చోళ్ళు దీనికి మందు కనిపెట్టారు. వెడల్పైన పెద్ద టైర్లు వేసి, గాలి తీసేశారు. మామూలుగా 30 పీఎస్ఐ ఉండే చోట 3 పీఎస్ఐ!

చిన్న లెక్క చూద్దాం. బండి 2 టన్నులు అనుకోండి. ఒక్కో టైరు మీద 500 కిలోలు. గాలి పదో వంతుకి తగ్గితే, నేలని తాకే భాగం దాదాపు పది రెట్లు పెరగాలి. టైరు గోడల బిగుతు వల్ల నిజంలో అంత పెరగదు, అయినా చాలా పెరుగుతుంది. అంటే మంచు మీద నడిచే మనిషి పాదం కన్నా తక్కువ ఒత్తిడితో ఆ జీపు పోతుంది. మంచులో దిగబడదు, తేలుతుంది.

సరే, 30 అంగుళాల టైరు తీసి 38 అంగుళాలది పెడితే ఏమవుతుంది? వ్యాసం 8 అంగుళాలు పెరిగినా ఇరుసు లేచేది సగమే, 4 అంగుళాలు. కానీ స్టీరింగ్ తిప్పగానే టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. దీనికి రెండు దారులు. ఒకటి, సస్పెన్షన్ పెంచి బాడీని పైకి లేపడం. రెండోది, మడ్‌గార్డు కోసి టైరుకి చోటు ఇవ్వడం. ఐస్‌లాండ్ వాళ్ళు కావలసినంతే లేపి, మిగతాది కోశారు. ఎందుకంటే బండి ఎంత పైకి లేస్తే, మలుపులో పల్టీ కొట్టే ప్రమాదం అంత ఎక్కువ.

ఇంకో సంగతి. టైరు మారితే లెక్కలన్నీ మారతాయి. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి నిజానికి 100 మీద ఉంటుంది! బ్రేకుల మీద భారం పెరుగుతుంది, గేర్ నిష్పత్తి సరిపోదు. అందుకే అక్కడ మార్చిన బండిని విడిగా తనిఖీ చేసి, పాసైతేనే రోడ్డు మీదకి వదులుతారు. 1990లో మొదలైన ఆర్కిటిక్ ట్రక్స్ ఈ పనినే పరిశ్రమగా మార్చింది. 2007లో బీబీసీ టాప్ గేర్ వాళ్ళు ఉత్తర అయస్కాంత ధ్రువం వైపు వెళ్ళిన హైలక్స్‌లు వీళ్ళు తయారు చేసినవే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇదే ప్రశ్న వస్తుంది.

కాబట్టి నా జవాబు: ఫొటో కోసం అయితే వద్దు. అక్కడ ముందు మంచు ఉంది, తర్వాత టైరు వచ్చింది, దాని వెనక లిఫ్ట్, ఆ వెనకే తనిఖీ. మనం మాత్రం లిఫ్ట్‌తో మొదలుపెడుతున్నాం, తనిఖీ మాటే ఎత్తట్లేదు. పక్క సీట్లో అమ్మో, చెల్లో కూర్చుంటుందని మర్చిపోతున్నాం.

ఈసారి వాగు ఇసుకలో ఇరుక్కుంటే, కంపెనీ టైర్లలోనే గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, మెల్లగా కదిలించి చూడండి. చాలాసార్లు బయటికి వచ్చేస్తుంది. రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి కొట్టించడం మాత్రం మర్చిపోకండి. ఐస్‌లాండ్ వాళ్ళు వాడిన అసలు కిటుకు ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా!