ఒళ్లు చేయమనే సలహాకు వ్యాఖ్యానం

‘మందులు వాడుతూ, బలమైన తిండి తిని, ఒళ్లు చేయి.’ హెచ్‌ఐవీ ఉన్నవారికి ఇంట్లో పెద్దలు ప్రేమతో చెప్పే మాట ఇది. మాట మాట విప్పి చూస్తే కొంత ఉంచుకోవాలి, కొంత మార్చుకోవాలి.

మందులు వాడుతూ: ఇందులో రాజీ లేదు. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి ఇచ్చే మందుల చికిత్స) 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో వాడిన స్టావుడిన్ బుగ్గల్లో, కాళ్లూచేతుల్లో కొవ్వును కరిగించేది. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది మూడు మందులు కలిపిన టీఎల్‌డీ మాత్ర, రోజుకొకటి. అందులోని డోలుటెగ్రవిర్ వైరస్‌ను గట్టిగా అణుస్తుంది. కానీ దాన్ని వాడేవారిలో కొందరు, ముఖ్యంగా ఆడవాళ్లు, బరువు పెరుగుతారని దక్షిణాఫ్రికాలో జరిగిన ‘అడ్వాన్స్’ పరిశోధన 2019లో చూపింది. లావెక్కుతున్నామని మాత్ర మానేస్తే మాత్రం వైరస్ మళ్లీ విజృంభిస్తుంది.

బలమైన తిండి: కంచం నిండా తెల్లన్నం, పచ్చడి మీద తేలే నూనె, సాయంత్రం మిరపకాయ బజ్జీలు బరువునిస్తాయి గానీ బలాన్నివ్వవు. కందిపప్పు, గుడ్డు, శనగలు, మజ్జిగ, గోంగూర బలాన్నిస్తాయి. రెండు గరిటెల అన్నం తగ్గించి ఆ చోట పప్పూ కూరా వడ్డించుకుంటే చాలు.

ఒళ్లు చేయి: బక్కచిక్కితే ఊరు అనుమానిస్తుందన్న భయం ఈ మాట వెనక ఉంది. ఆ భయం అబద్ధం కాదు. కానీ గోప్యతకు ఇప్పుడు చట్టం అండగా ఉంది: 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. చిక్కిపోయిన ఒంటికి కండ పట్టడం ఆరోగ్యం. ఆ తర్వాత పెరిగే పొట్ట షుగరుకు, బీపీకి, గుండెజబ్బుకు దారి. ఉదాహరణకు, 155 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి 55 కిలోలు దాటితే అధిక బరువు, 60 దాటితే స్థూలకాయం. నడుము ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు మించకూడదు.

సలహాలో లేని మాట, శ్రమ: పత్తి తీత, మిరప కోత ఉన్నన్నాళ్లూ తిన్నది అరిగేది. 2015లో ఆంధ్రప్రదేశ్ రాజధాని కోసం భూసమీకరణ జరిగాక తుళ్లూరు చుట్టుపక్కల పొలం పని తగ్గింది. కంచం మాత్రం తగ్గలేదు. వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవాలి.

ఈసారి ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లినప్పుడు మాత్రలు తీసుకుని వచ్చేయకండి. బరువు, నడుము, బీపీ, షుగరు చూడమని అడగండి.