పొందూరు నూలు – మడి విచారము



ఋగ్వేదము పదవ మండలమునందలి 130వ సూక్తము యజ్ఞమును నేతగా వర్ణించినది. నేతకు అంతటి గౌరవమిచ్చిన ఈ దేశమున సన్నని చేతినూలుకు పేరొందిన ఊరు శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు.

అచట స్త్రీలు కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి నలుసులు తీయుదురు. పిమ్మట గింజ వేరుచేసి, దూదిని ఏకి, 24 ఆకుల రాట్నముపై వడకుదురు. నూరవ నంబరు నూలు అనగా ఒక్క పౌనుకు 84,000 గజముల దారము! గాంధీ మహాత్ముడు ఈ విధానమును పరిశీలించుటకు తన కుమారుడైన దేవదాసును పొందూరునకు పంపెను.

"చేప ఎముక తాకిన పత్తి దేవతార్చనకు తగునా?" అని కొందరు మమ్ము అడుగుదురు. శంఖము జలచరము యొక్క కవచము. చామరము చమరీమృగము యొక్క వాలము. పట్టు పురుగు గూటినుండి పుట్టినది. ఇవన్నియు అర్చనయందు గ్రాహ్యములే కదా! పైగా ఆ ఎముక వస్త్రమున చేరదు. పత్తిలోని మాలిన్యమును తొలగించి తానును తొలగిపోవును. కావున సందేహింప పనిలేదని మా అభిప్రాయము.

విచారింపవలసినది వేరొకటి గలదు. నేడు అచట వడకువారిలో వృద్ధస్త్రీలే అధికులు. దినమంతయు వడకినను కూలి స్వల్పము. అందుచే కుమార్తెలు రాట్నము పట్టుటకు వెనుదీయుచున్నారు. గురుముఖమున నేర్చువారు లేక ఎన్నియో వేదశాఖలు లుప్తమైనవి. చేతినుండి చేతికి అందని విద్యయు అట్లే నశించును.

స్వామికి సమర్పించు ఉత్తరీయములలో ఏటికొక్కటియైనను ఈ చేతినూలుతో నేసినది కొనుడు, బేరమాడకుడు.

స్వస్తి.