నీరుపట్టిన దేహము, అలసిన గుండె

కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి, రాత్రివేళ పడుకొనలేక లేచి కూర్చుండి ఊపిరికై తపించు రోగిని చూచి నీరుపట్టినదని తీర్మానించుట వైద్యులకు ఏనాటినుండియో అలవాటు. కాని 1628లో విలియం హార్వే రక్తప్రసరణమును నిరూపించిన పిమ్మటను ఐరోపాలో చాలకాలము ఆ నీరు గుండె అలసటకు గురుతుగాక, స్వతంత్రమైన వ్యాధిగనే ఎంచబడుచుండెను.

ష్రాప్‌షైరు ప్రాంతపు వృద్ధురాలొకతె రహస్యముగా కాపాడుకొనుచుండిన, నీరుపట్టినవారికిచ్చు ఇంటిమందును గూర్చి 1775లో కొందరు తన అభిప్రాయమడుగగా, ఇరువదికి తక్కువకాని మూలికలుగల ఆ మందులో పనిచేయునది డిజిటాలిస్ ఆకు ఒక్కటియే యని బర్మింగుహాము వైద్యుడు విలియం విదరింగు గ్రహించి, పదేండ్లు మోతాదులను పరీక్షించి, 1785లో గ్రంథము ప్రకటించెను. గుండె నడకపై దాని ప్రభావమును గమనించియు ఆయన దానిని ముఖ్యముగా మూత్రమును వెడలించు ఔషధముగనే వాడెను. ఐనను గుణము కనబడినవారితోపాటు కనబడనివారి వృత్తాంతములను సైతము దాచక వ్రాసిన ఆ సత్యనిష్ఠ నాకు ఆ మందుకంటెను గొప్పదిగా తోచును.

1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యుడు కాగితపుచుట్టను ఒక యువతి ఎదపై నుంచి గుండెచప్పుడు వినెను. చెవికి త్రోవ దొరికినది. కంటికి త్రోవ చూపినవాడు జేమ్సు మెకెంజీ. స్కాట్లండున జన్మించి, 1879 మొదలు బర్న్‌లీ యను మిల్లుల పట్టణమున సామాన్యవైద్యము చేయుచుండిన ఆయన, గుండెజబ్బుగల గర్భిణి యొకతె ప్రసవవేళ కన్నుమూయుట చూచి కలతచెంది, మణికట్టు నాడిని, కంఠసిర కదలికను ఏకకాలమున కాగితముపై గీయు యంత్రమును కల్పించి, ఏండ్ల తరబడి తన రోగులను పరిశీలించి, 1902లో నాడీవిచారగ్రంథము వెలువరించెను. పెద్ద ఆసుపత్రి ఆచార్యులు చేయవలసిన పనిని ఊరివైద్యుడు చేసెను.

ఆయన త్రోవను నడచిన థామస్ లూయిస్ 1930లో యంత్రమును సైతము పక్కకు నెట్టెను. ఎదయెముక పైభాగమున వ్రేలికి తగులు చిన్న గట్టునుండి కంఠసిరలోని రక్తము ఎంత ఎత్తున నిలిచినదో కంటితో చూచుటయే ఆయన పద్ధతి. ఆ గట్టుకు నిట్టనిలువున 3 సెంటీమీటర్లు మించి సిర ఉబ్బియుండి, ముంగాలిపై బొటనవ్రేలితో అదిమిన గుంట వెంటనే పూడకున్నయెడల గుండెను శంకింపవలెను. సిర సరిగా కనబడుటకు వెలుతురు ఏటవాలుగా పడవలెను. చూచువానికి తీరిక ఉండవలెను.

యువవైద్యులారా, పరీక్షలకు చీటీ వ్రాయుటకు ముందు రోగి తలవైపు పడకను కొంచెమెత్తి, ఒక్క నిమిషము ఆ కంఠమును చూడుడు.