మైనం జారిన ముఖం

ముక్కు దూలం దగ్గర ఒక చిన్న పల్లం. గ్లాడిస్ డీకన్ ముఖంలో ఎవరైనా పనిగట్టుకుని వెతికితే దొరికే లోపం అదొక్కటే. ఆ వెతికింది కూడా ఆమే.

అమెరికన్ తల్లిదండ్రులకు 1881లో పారిస్‌లో పుట్టిన పిల్ల. ఇరవై ఏళ్లు నిండేసరికి యూరప్ దొరల విందుల్లో ఆమె పేరు వినని వాళ్లు లేరు. చూసినవాళ్లను కట్టిపడేసే పెద్ద నీలికళ్లు. అనేక భాషలు వచ్చు. కళల గురించి పండితులతో సమానంగా వాదించగలదు. రచయిత మార్సెల్ ప్రూస్ట్, శిల్పి రొదాఁ ఆమెను మెచ్చుకున్నవాళ్లే. కళా విమర్శకుడు బెరెన్సన్ అయితే ఆమె మాయలో పడిపోయాడు. 1901లో ఇంగ్లండులోని బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌కు విడిదికి వచ్చిన జర్మనీ యువరాజు విల్‌హెల్మ్ తన వేలి ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. సంగతి తెలిసి తండ్రి కైజర్ మండిపడి ఉంగరాన్ని వెనక్కి తెప్పించుకున్నాడు. రాజ్యాల మధ్య రాయబారాలు నడిచేంత అందం అది.

ప్రబంధ నాయికల ముక్కుకు మన కవులు సంపెంగను పోటీకి పెట్టారు. గ్లాడిస్ తన ముక్కుకు గ్రీకు పాలరాతి దేవతలను పోటీ పెట్టుకుంది. ఆ విగ్రహాలకు నుదురు, ముక్కు ఒకే గీతగా దిగుతాయి, మధ్యలో పల్లం ఉండదు. రాతికి సాధ్యమైంది తన రక్తమాంసాలకూ సాధ్యం కావాలనుకుంది ఆ అమ్మాయి.

ఎందుకనుకుంది? ఒక కారణం చెప్పడం కష్టం. ఆమెకు పదకొండేళ్లప్పుడు, 1892లో, కాన్ నగరంలోని ఒక హోటల్లో తండ్రి ఆమె తల్లి ప్రియుణ్ని తుపాకీతో కాల్చి చంపాడు. పత్రికలన్నీ ఆ కుటుంబాన్ని వీధికి ఈడ్చాయి. తండ్రి జైలుకు వెళ్లాడు, తరువాత మతి చెడి పోయాడు. ఇంటిపేరుకు మచ్చ పడ్డ పిల్లకు తనదంటూ మిగిలిన ఆస్తి ముఖమే. ఆ ఆస్తిని ఇంకాస్త పెంచుకోవాలనుకోవడం పొగరని చాలామంది రాశారు. నాకలా అనిపించదు. ఉన్న ఒక్క దన్ను ఎక్కడ జారిపోతుందోనన్న భయం అందులో ఎక్కువ కనిపిస్తుంది.

ఆ భయానికి సరిగ్గా అప్పుడే ఒక మందు బయటికి వచ్చింది. 1899లో వియన్నా సర్జన్ రాబర్ట్ గెర్సునీ, క్షయ వల్ల వృషణాలు కోల్పోయిన ఒక యువకుడికి వాటి స్థానంలో పారఫిన్ జాతి పదార్థాన్ని ఎక్కించి ఆకారం తెచ్చాడు. పారఫిన్ అంటే మరేమీ కాదు, కొవ్వొత్తి మైనం. వేడిచేసి సూదితో ఎక్కిస్తే లోపల గడ్డకట్టి నిలబడుతుంది. కత్తి లేదు, కుట్టు లేదు, మచ్చ లేదు. రెండు మూడేళ్లలోనే ఈ విద్య వంగిన ముక్కులకూ లోపలికి పోయిన బుగ్గలకూ ముడతలకూ పాకింది.

1903లో, ఇరవై రెండేళ్ల వయసులో, గ్లాడిస్ ముక్కు దూలంలోకి పారఫిన్ ఎక్కించుకుంది. ఆ విద్యకు అప్పటికి నిండా నాలుగేళ్లు. అంటే అది ఒంట్లో ఐదేళ్లు ఉంటే ఏమవుతుందో చెప్పగల మనిషి ప్రపంచంలో ఒక్కడూ లేడు, ఎక్కించిన చేతులతో సహా. అదే 1903లో అమెరికాలో, ముక్కులోకి పారఫిన్ ఎక్కించిన మరుక్షణం ఒకరి కంటిచూపు పోయిన ఉదంతం వైద్య పత్రికలో అచ్చయింది. మైనం రక్తనాళంలోకి దూరి కంటికి పోయే రక్తాన్ని ఆపేసింది. ఆ వార్త అద్దం ముందు కూర్చున్నవాళ్ల దాకా రాలేదు. అలాంటి వార్తలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి.

మొదట్లో వాపు. తరువాత మైనం తన దారి చూసుకుంది. ముక్కు దూలం మీద ఉండాల్సినది మెల్లమెల్లగా కిందికి జారి, ఏళ్లు గడిచేకొద్దీ గడ్డం దగ్గరికి చేరింది. దవడ కింద గడ్డలు కట్టాయి, చర్మం మీద మచ్చలు తేలాయి. వేడి తగిలితే ఆ మైనం కరుగుతుందని జనం కథలు కూడా అల్లారు. కథల సంగతి ఎలా ఉన్నా శరీరం చేసే పని మాత్రం తెలిసిందే. పారఫిన్‌ను అది తనదిగా ఒప్పుకోదు. కరిగించలేదు, బయటికి నెట్టలేదు. చుట్టూ గట్టి పీచు కణజాలాన్ని కట్టి బంధిస్తుంది. కొన్నాళ్లకు మైనమేదో మాంసమేదో విడదీయలేనంతగా రెండూ కలిసిపోతాయి. ఇక దాన్ని తీయాలంటే మంచి మాంసాన్నీ కోసి పారేయాలి. ఆ పరిస్థితికి వైద్యులు తరువాత పారఫినోమా అని పేరు పెట్టారు. పేరు వచ్చేనాటికి ఎందరి ముఖాలో చెడిపోయాయి.

అయినా గ్లాడిస్ డచెస్ పీఠం ఎక్కింది. బ్లెన్‌హైమ్ ప్రభువు, తొమ్మిదో మార్ల్‌బరో డ్యూక్, విన్‌స్టన్ చర్చిల్‌కు దాయాది. గ్లాడిస్ పరిచయమయ్యేనాటికే అతనికి కాన్సుయెలో వాండర్‌బిల్ట్ అనే అమెరికా కోటీశ్వరుడి కూతురితో పెళ్లయింది. ఆ ఇంటికి స్నేహితురాలిగా వెళ్లిన గ్లాడిస్ అతని మనసులో చేరింది. ఏళ్ల తరబడి ఎదురుచూసి, వాళ్ల విడాకులయ్యాక 1921 జూన్‌లో పారిస్‌లో డచెస్ అయింది. అప్పటికి ఆమెకు నలభై. డచెస్ కిరీటం వచ్చింది, దాని కింద ఉండాల్సిన ముఖం అప్పటికే సగం పోయింది.

బ్లెన్‌హైమ్‌లో ఆమెకు సుఖం దొరకలేదు. గర్భాలు నిలవలేదు. డ్యూక్ మతం మార్చుకుని కాథలిక్ అయ్యాడు, ఆమెకు దూరమయ్యాడు. ఆమె స్పానియల్ జాతి కుక్కల్ని పెంచడం మొదలుపెట్టి భవనపు మహా మందిరాన్ని వాటికి వదిలేసింది. ఒక విందులో పళ్లెం పక్కన రివాల్వర్ పెట్టుకుని కూర్చుంది. ఎందుకని అతిథి అడిగితే, ఏమో, డ్యూక్‌ను కాలుస్తానేమోనన్నట్టు జవాబిచ్చింది. తుపాకీ డీకన్ ఇంటి ఆడపిల్లకు కొత్త వస్తువు కాదు మరి.

ఆ ఏళ్లలోనే ఒక విచిత్రం జరిగింది. 1928లో చిత్రకారుడు కాలిన్ గిల్ ప్యాలెస్ ముఖద్వారపు మండపం కప్పు మీద ఆరు కళ్లు గీశాడు. వాటిలో నీలివి గ్లాడిస్‌వి. నీలం ఛాయ తన కంటికి సరిపోవాలని ఆమే పైకెక్కి, అదే రంగు కండువాను చిత్రకారుడికి చూపించిందట. 1930లో తోట మెట్ల దగ్గర రెండు స్ఫింక్స్ బొమ్మలు వెలిశాయి, వాటి ముఖాలు ఆమె పోలికవి. ఒంటి మీద ముఖం చేజారుతున్న రోజుల్లో సీసపు బొమ్మల్లో, కప్పు మీది రంగుల్లో దాన్ని భద్రపరచుకుంది. ఇవాళ బ్లెన్‌హైమ్ చూడబోయిన వాళ్లు, వాళ్లలో మన తెలుగు పర్యాటకులూ ఉంటారు, తలెత్తితే ఆ నీలికళ్లు కనిపిస్తాయి. చర్చిల్ పుట్టిన గది కోసం వెతుకుతూ చాలామంది తలెత్తరు.

1933లో డ్యూక్ ఆమెను ఆ భవనం నుంచి వెళ్లగొట్టాడు. లండన్ ఇంట్లోనూ నిలవనివ్వలేదు. కరెంటు, గ్యాసు ఆపించి ఖాళీ చేయించాడు. మరుసటి ఏడు అతను పోయాడు. ఆమె పల్లెలకు మళ్లింది, చివరికి చాకోంబ్ అనే ఊళ్లో పిల్లులతో ఒంటరిగా బతికింది. పగలు బయటికి వచ్చేది కాదు. చుట్టుపక్కల వాళ్లకు ఆమె మిసెస్ స్పెన్సర్. 1962లో బలవంతంగా నార్తాంప్టన్‌లోని మానసిక వైద్యశాలకు తరలించారు. అక్కడే ఉండగా హ్యూగో వికర్స్ అనే యువకుడు ఆమెను వెతుక్కుంటూ వెళ్లి, ముసలితనంలోనూ మెరిసే ఆ తెలివితో స్నేహం చేసి, తరువాత జీవిత చరిత్ర రాశాడు. 1977 అక్టోబరు 13న, 96వ ఏట ఆమె కన్నుమూసింది. ఆ మైనాన్ని ఒంట్లో పెట్టుకుని డెబ్బై నాలుగేళ్లు బతికింది.

తండ్రి కాల్పులు, భర్త గెంటివేత ఇతరులు కొట్టిన దెబ్బలు. మైనం మాత్రం ఆమె డబ్బిచ్చి అడిగి తెచ్చుకున్నది. అందుకే అదే ఎక్కువ బాధ పెడుతుంది చదివేవాళ్లను.

ఇప్పుడు వైద్యులు ముఖానికి పారఫిన్ ఎక్కించరు. రోజులు మారాయి, విద్య నిజంగానే ఎదిగింది. బుగ్గలు పైకి లేపే ఆపరేషన్, చీక్ లిఫ్ట్, చేయించుకుందామని హైదరాబాదు, విజయవాడ క్లినిక్కులకు వెళ్లేవాళ్లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఎవరి ముఖం వాళ్లది. కానీ ఆ బల్ల మీద పడుకునే ముందు అక్కడ ఏం జరుగుతుందో తెలిసుండాలి.

బుగ్గ ఎముక మీద కొవ్వు ముద్ద ఒకటి ఉంటుంది. వయసుతో దాన్ని పట్టి ఉంచే బంధనాలు సడలి అది కిందికి దిగుతుంది, ఎముక కూడా కొంత అరుగుతుంది. చీక్ లిఫ్ట్‌లో కింది రెప్ప వెంట్రుకల కిందుగా గానీ, కణత దగ్గర జుట్టు లోపల గానీ, కొన్నిసార్లు నోటి లోపలి నుంచి గానీ కోసి, ఆ ముద్దను పైకి లాగి కణత దగ్గరి గట్టి పొరకు కుడతారు. పని చేసే చోటు ఇరుకు. పై పెదవికి, బుగ్గకు స్పర్శనిచ్చే నరం కంటి కిందుగా ఎముకలోంచి బయటపడేది అక్కడే. రెప్ప మూయించే నరం కొమ్మలు పోయేదీ ఆ దాపునే. నరం దెబ్బతింటే తిమ్మిరి నెలల తరబడి ఉంటుంది, కొందరికి పూర్తిగా పోదు. అన్నిటికంటే భయపడాల్సింది కింది రెప్ప గురించి. అది కిందికి లాక్కుపోతే కన్ను సరిగా మూతపడదు, తడి ఆరిపోతుంది, కార్నియాకు పుండు పడొచ్చు. బుగ్గ అందం కోసం వెళ్లి కంటి డాక్టరు చుట్టూ తిరగడమంటే ఇదే.

వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి రెండు వారాలైనా పడుతుంది. అసలు రూపు తేలేది నెలల తరువాత. కాబట్టి పెళ్లికి నెల ముందు చేయించుకునే పని కాదిది. బీపీ అదుపులో లేకపోతే లోపల రక్తం గడ్డకట్టి తిరిగి కోయాల్సి వస్తుంది. షుగరు, సిగరెట్టు గాయాన్ని మాననివ్వవు. ఆస్పిరిన్‌తో పాటు చేపనూనె, వెల్లుల్లి గుళికల మాట కూడా డాక్టరుకు చెప్పాలి, మందులు కాదు కదా అని దాచకూడదు. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం దాన్ని సొంతంగా మానేయకూడదు. ఎంత బాగా చేసినా వయసు ఆగదు, బుగ్గ మళ్లీ దిగుతుంది. కత్తి వద్దని బుగ్గ నింపే ఫిల్లర్ సూదికి వెళ్లేవాళ్లకూ ఒక మాట. హైలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్‌ను కరిగించే మందు ఉంది, ఆ మేరకు మనం గ్లాడిస్ కంటే అదృష్టవంతులం. కానీ అదీ రక్తనాళంలోకి దూరితే 1903 నాటి రోగికి జరిగిందే జరగవచ్చు, చూపు పోవచ్చు. కరిగించే మందు ఆ గదిలో సిద్ధంగా ఉండాలి, వేరే ఊరి నుంచి తెప్పించేది కాదు.

మనకు దగ్గరి దుఃఖమూ ఒకటి ఉంది. ‘నువ్వు నాకు నచ్చావ్’ సినిమాతో మన ఇళ్లలోకి నవ్వుతూ వచ్చిన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31వ ఏట పోయారు. కొన్ని వారాల ముందు కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకున్నారనీ, ఊపిరి అందక బాధపడ్డారనీ అప్పట్లో పత్రికలు రాశాయి. కారణం ఇదేనని నేను తేల్చను. కానీ లావయ్యారని ఆ అమ్మాయిని సినిమావాళ్లూ ప్రేక్షకులూ అన్న మాటలు నాకు గుర్తున్నాయి. ఆ మాటలకు మాత్రం ఏ విచారణా జరగలేదు.

చేయించుకోవాలనే నిశ్చయించుకుంటే, చేసే మనిషికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డి.ఎన్.బి. గానీ ఉందో లేదో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు వెతికి చూడండి. నెల నాటి ఫోటోలు కాదు, ఏడాది దాటిన ఫోటోలు అడగండి. మత్తు ఇచ్చేదెవరు, ఆసుపత్రిలో ఐసీయూ ఉందా అని అడగండి. ఆ తరువాత ఈ ప్రశ్న వేయండి: “నా ముఖంలో మీరు పెట్టేది నాకు వద్దనిపిస్తే ఎలా తీస్తారు, ఎంతమందికి తీశారు?” జవాబు చెప్పడానికి ఆయన విసుక్కుంటే అడ్వాన్సు కట్టకుండా లేచి వచ్చేయండి.