ఇంటి నేల కింది గాలి
(ఊరి బయటి చరిత్ర – 14)



పోయిన వారం బావి గురించి రాశాను. ఈ వారం ఇంటి నేల గురించి.

ఫ్యాక్టరీల పక్క ఊరి నుంచి మా కాలేజీకి వచ్చే ఒక అమ్మాయి మొన్న అడిగింది: “మేస్టారూ, పొగ వాసనైతే గాలి మళ్లితే పోతుంది. తలుపులేసుకున్నాక ఇంట్లో వచ్చే వాసన ఎక్కడిదండీ?” నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ని. జవాబు తెలియక వెతికాను. ఆమె ఇంట్లో ఏముందో కొలవకుండా ఎవరూ చెప్పలేరు. కానీ ఎలా కొలుస్తారో, ఎక్కడ కొలిచారో చెప్పగలను.

అంటరానివాళ్లు ఊరి బయట ఎందుకున్నారు? 1948లో ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో అంబేడ్కర్ ఈ ప్రశ్న వేసి జవాబు వెతికాడు. మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో మాలపేట, రెల్లివీధి ఎటు ఉంటాయో మీకు తెలుసు. పల్లంలో, గెడ్డ ఒడ్డున, శ్మశానం దారిలో. ఫ్యాక్టరీనీ ఊరి బయటే పెడతారు. ఊరి బయట అంతా ఖాళీ అంటుంది కాగితం. ఆ ఖాళీలో ఉన్నది మనమే.

రణస్థలం మండలం పైడిభీమవరంలో దశాబ్దాలుగా బల్క్ డ్రగ్ పరిశ్రమలు నడుస్తున్నాయి. కందివలస గెడ్డ నీళ్ల గురించి రైతులు, మత్స్యకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. 2011 జూన్ 30న ఎచ్చెర్ల మండలం అరిణాం అక్కివలసలో పురుగుమందుల ఫ్యాక్టరీ పేలినప్పుడు చుట్టుపక్కల జనం ఇళ్లొదిలి పరుగెత్తారు. నీటికి రంగు మారితే చూస్తాం. పేలితే వింటాం. మూడో దారి ఒకటుంది. దానికి రంగూ లేదు, చప్పుడూ లేదు.

మందుల తయారీలో టోలుయిన్, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లు వాడతారు. ఇలాంటివి ఎక్కడైనా నేలలోకి కారితే అక్కడే ఉండిపోవు. మట్టి రేణువుల మధ్య ఆవిరై పైకి జరుగుతాయి. పైన ఆరుబయలైతే గాలిలో కలిసి పలచబడతాయి. పైన ఇల్లుంటే నేల పగుళ్లలోంచి, గోడ మొదట్లోంచి గదిలోకి వస్తాయి. వానకు చుట్టూ మట్టి తడిసి ముద్దయితే, ఇంటి కింది పొడి మట్టే ఆవిరికి దారి కావచ్చు. ఆ రోజుల్లోనే మనం తలుపులు మూసుకుంటాం.

దీన్ని కొలిచే పద్ధతి కష్టమైనదేం కాదు. నేలలో ఒకటిన్నర మీటరు లోతున సన్నని గొట్టం దించుతారు. పై గాలి లోపలికి పోకుండా చుట్టూ బంకమట్టితో మూస్తారు. గాలి తీసేసిన స్టీలు డబ్బా తగిలిస్తే అది మట్టిలోని గాలిని మెల్లగా పీల్చుకుంటుంది. గచ్చుకు చిన్న బెజ్జం చేసి దాని కింది గాలినీ, గదిలో గాలినీ విడిగా పట్టి ప్రయోగశాలకు పంపుతారు. ఒక్కసారి చాలదు. కాలం మారినప్పుడల్లా కొలవాలి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015లో దీనికి మార్గదర్శకాలిచ్చింది. గచ్చు కింద 100 పాళ్లుంటే గదిలోకి 3 పాళ్లు రావచ్చన్నది అందులోని జాగ్రత్త లెక్క. అది ఎక్కువగా అక్కడి ఇళ్లలో కొలిచి కట్టిన లెక్క. మన ఇళ్లలో గాలి ఎక్కువ ఆడుతుంది, నిజమే. కానీ పేడతో అలికిన మట్టినేలకు గచ్చే లేదు. వాళ్ల లెక్క మనకు అతకదు. మన ఇంటిని మన ఇంట్లోనే కొలవాలి.

ఇక ఎక్కడ కొలిచారో చూడండి. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో చిప్ ఫ్యాక్టరీలు వదిలిన ట్రైక్లోరోఎథిలీన్ నేలలో దిగిపోయింది. అది క్యాన్సర్ కారకం. మొదట భూగర్భ జలం శుభ్రం చేయడం మీదే దృష్టి పెట్టారు. 2010లో ఇళ్లలోకి, ఆఫీసుల్లోకి వచ్చే ఆవిరిని అడ్డుకోవడం కూడా ప్రణాళికలో చేర్చారు. 2012 చివర్లో అక్కడి గూగుల్ భవనాల్లోనే ఆ ఆవిరి పరిమితి దాటిందని తేలింది. ఆ చుట్టుపక్కల ఎందరో తెలుగు ఇంజనీర్లు పనిచేస్తున్నారు. వాళ్ల గదిలో గాలిని కొలిచారు, సంతోషం. ఆ కొలత పైడిభీమవరం పక్క పేటలో కూలివాడి గదికి ఎందుకు రాదు?

అమెరికాలోనూ అందరికీ ఒకేలా దక్కలేదు. 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్న చోట, విష మట్టిని పూడ్చబోతే జనం లారీలకు అడ్డంగా పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. 1987లో ఒక చర్చి సంస్థ దేశమంతా లెక్క తీసింది. విష వ్యర్థాల స్థలాలు ఎక్కడున్నాయో చెప్పడానికి ఆదాయం కన్నా జాతే బలమైన గుర్తని తేల్చింది. మన దగ్గర అలా కులం లెక్క తీసి చూద్దామా?

మన చట్టాల్లో 1974ది నీటికి, 1981ది గాలికి. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల కోసం వేరే నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న చోట్లను గుర్తించి చెప్పే బాధ్యత స్థానిక సంస్థల మీద, జిల్లా యంత్రాంగం మీద పెట్టింది. అంటే ఈ మాట గ్రామసభలో ఎత్తొచ్చు. మినిట్స్ పుస్తకంలో రాయించొచ్చు. మూడు ప్రశ్నలు చాలు. ఫ్యాక్టరీ పక్క నేలలో ఏ సాల్వెంట్లున్నాయి? పేటలో ఇళ్ల కింది గాలిని ఎప్పుడు కొలుస్తారు? ఫలితాన్ని తెలుగులో మా చేతికి ఎప్పుడిస్తారు?

మైల అనే మాటను తరాల తరబడి మన ఒంటికి అంటగట్టారు. మన నీడ పడితే మైల, మనం తాకితే మైల. దాన్ని కొలిచే పరికరం ఏదీ లేకపోయినా నమ్మారు. ఇవాళ నిజంగా మైలపడిన నేల ఉంటే, దాన్ని కొలిచే పరికరం ఉంది. కొలవమంటే మాత్రం రుజువేదీ అని అడుగుతారు. 1927లో మహద్ చెరువులో దోసిలి నీళ్ల కోసం నడిచినవాళ్ల వారసులం మనం. ఇంట్లో పీల్చే గాలి కోసం పంచాయతీ ఆఫీసు దాకా నడవలేమా?

మీ పేట దగ్గర ఇలాంటి చోటుంటే కింద రాయండి.

జై భీమ్.